లోపలికి దారి, బయటికి దారి

ఎర్రగడ్డ అనేది హైదరాబాదు తెలుగులో ఊరి పేరుగా మిగల్లేదు. అక్కడ రైతు బజారు ఉంది, ఆదివారం సంత ఉంది, మెట్రో స్టేషను ఉంది. అయినా ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే "వీణ్ణి ఎర్రగడ్డకి పంపించాలిరా" అనేస్తాం. ఉత్తరాంధ్రలో అదే మాట వైజాగ్ పిచ్చాసుపత్రి మీదుగా వస్తుంది. తమిళులకి కీళ్‌పాక్కం, హిందీవాళ్ళకి ఆగ్రా, రాంచీ, మరాఠీవాళ్ళకి ఠాణే, ఎరవాడ. దేశంలో ప్రతి భాషకీ ఇలాంటి ఊరు ఒకటైనా ఉంది. ఈ ఊళ్ళన్నిటికీ ఉన్న పోలిక ఒకటే. అక్కడ సర్కారు కట్టిన పెద్ద గోడల ఆసుపత్రి ఉంది.

ఈ జోకులన్నిట్లో క్రియాపదం కూడా ఒకటే, గమనించారా? "పంపించాలి." తిరిగొచ్చినవాడి మీద జోకు లేదు. ఎర్రగడ్డ నుంచి వచ్చాడనే మాట వినపడితే అది జోకు కాదు, పెళ్ళి సంబంధం తప్పిపోయే సమాచారం. ప్రభుత్వం మానసిక వైద్యాన్ని ఎలా నడిపిందన్న చరిత్ర చదువుతూ పోతే, మన వాడుక భాష ఆ చరిత్రని ఎంత కచ్చితంగా పట్టుకుందో అని ఆశ్చర్యం వేసింది. నూటయాభై ఏళ్ళపాటు మన చట్టాలు చాలా శ్రద్ధగా రాసింది లోపలికి వెళ్ళే దారి గురించే.

మొదట్నించీ చూద్దాం. మద్రాసులో 1794 ప్రాంతంలోనే వాలెంటైన్ కొనోలీ అనే సర్జన్ ఒక అసైలం నడిపాడు. ఇప్పటి కీళ్‌పాక్కం ఆసుపత్రి తన వంశవృక్షాన్ని అక్కణ్ణుంచే చెప్పుకుంటుంది. అయితే ప్రభుత్వం దీన్ని ఒక పద్ధతిలో పెట్టింది 1858లో. కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చిన ఏడాదే లూనటిక్ అసైలాల చట్టమూ వచ్చింది. అది చెప్పిన పద్ధతి సింపుల్. పిచ్చిగా తిరుగుతున్నవాడు, ప్రమాదకరంగా ఉన్నవాడు పోలీసు కంటపడితే మేజిస్ట్రేటు ముందుకి తీసుకురావాలి. డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలి. మేజిస్ట్రేటు ఆర్డరు రాయాలి. మనిషి అసైలానికి వెళ్ళాలి. ఇందులో జబ్బు గురించి మాట్లాడేది ఒక్క మెట్టు మీదే. మిగతాదంతా పోలీసూ కోర్టూ.

పైగా ఆ అసైలాల మీద అజమాయిషీ ఎక్కువగా జైళ్ళ అధికారులది. అంటే గోడలు ఎంత ఎత్తుండాలి, తిండికి ఎంత ఖర్చవుతుంది, ఎంతమంది పారిపోయారు అన్న లెక్కలు చూసేవాళ్ళది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ బాధ్యత సివిల్ సర్జన్ల చేతికి మారింది. 1912లో ఇండియన్ లూనసీ చట్టం వచ్చి ఆ మార్పుకి ఒక రూపం ఇచ్చింది. 1920ల్లో "అసైలం" అనే మాట తీసేసి "మెంటల్ హాస్పిటల్" అని బోర్డులు మార్చారు. బోర్డు మారింది, శాఖ మారింది. గోడ మాత్రం అదే.

1912 చట్టం గురించి ఒక్క విషయం దగ్గర ఆగాలి. అందులో బయటికి వచ్చే దారి లేదని కాదు. ఉంది. ఆసుపత్రికి విజిటర్లని నియమించాలి. వాళ్ళలో ముగ్గురు, అందులో ఒకరు డాక్టరై ఉంటే, రాతపూర్వకంగా ఆర్డరిచ్చి మనిషిని విడుదల చేయొచ్చు. బంధువులు అడిగి తీసుకెళ్ళే వీలు కూడా ఉంది. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి నాకు ఇది ఒకలా కనిపిస్తుంది. ఏ సిస్టమ్‌లోనైనా "ఎవరూ ఏమీ చేయకపోతే ఏం జరుగుతుంది?" అన్నదే అసలు ప్రశ్న. దాన్నే మేం డిఫాల్ట్ అంటాం. మీరు బ్యాంకు సైట్‌లో లాగిన్ అయి అలా వదిలేసి టీకి వెళ్తే పది నిమిషాల తర్వాత అదే బయటికి నెట్టేస్తుంది. ఎవరూ బటన్ నొక్కక్కర్లేదు. లూనసీ చట్టం దీనికి తలకిందులు. ఎవరూ ఏమీ చేయకపోతే మనిషి లోపలే ఉంటాడు. బయటికి రావాలంటే ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి, రావాలి, అడగాలి, సంతకం పెట్టాలి.

ఎవరూ గుర్తుపెట్టుకోకపోతే ఏమవుతుంది? దానికి జవాబు అస్సాంలో దొరుకుతుంది.

మచల్ లలుంగ్ అనే మనిషిని 1951లో ఒకణ్ణి గాయపరిచాడన్న ఆరోపణ మీద అరెస్టు చేశారు. అప్పటికి అతనికి ఇరవైమూడేళ్ళు. మానసిక స్థితి బాగాలేదని తేజ్‌పూర్ మెంటల్ హాస్పిటల్‌కి పంపించారు. 1967లో అక్కడి డాక్టర్లు ఇతను బాగానే ఉన్నాడని రాసిచ్చారు. అంటే ఆసుపత్రి తన పని తను చేసింది. కానీ డాక్టరు "బాగున్నాడు" అంటే ఇంటికి పంపమని కాదు, కోర్టుకి అప్పజెప్పమని. ఇంటికి బదులు గువాహటి జైలుకి పంపించారు. విచారణ జరగలేదు. కాగితం ఎక్కడో ఆగిపోయింది. 2005లో జాతీయ మానవ హక్కుల కమిషన్ కల్పించుకున్నాక అతను ఒక్క రూపాయి పూచీకత్తు మీద బయటికొచ్చాడు. యాభైనాలుగేళ్ళు. తర్వాత సుప్రీం కోర్టు మూడు లక్షల పరిహారం, నెలకి వెయ్యి రూపాయలు ఇమ్మంది. 2007లో చనిపోయాడు.

ఇది చదివినప్పుడు ఎవరో ఒక దుర్మార్గుడి కోసం వెతికాను. ఒక క్రూరమైన జైలరో, లంచగొండి గుమాస్తానో ఉంటే కథ తేలిగ్గా అర్థమయ్యేది. అలాంటివాడు ఎవరూ కనపడలేదు. ఆసుపత్రి ఒక శాఖది, జైలు ఇంకో శాఖది, కేసు కోర్టుది. ఎవరి రిజిస్టరు వాళ్ళ దగ్గర సరిగ్గానే ఉండి ఉంటుంది. ఆ మనిషి ఎవరి రిజిస్టర్లోనూ "పెండింగ్" కాదు, అంతే. నేరం చేయని మానసిక రోగుల్ని జైళ్ళలో పెట్టడం చట్టవిరుద్ధమని షీలా బర్సే కేసులో సుప్రీం కోర్టు 1993లోనే చెప్పింది. అప్పటికి లలుంగ్ జైల్లో ఇంకా పన్నెండేళ్ళు ఉండాల్సి ఉంది.

మళ్ళీ వెనక్కి వెళ్దాం. స్వాతంత్ర్యానికి ముందు ఏడాది, 1946లో, భోర్ కమిటీ నివేదిక వచ్చింది. మన ప్రభుత్వ వైద్య వ్యవస్థకి, మీ మండలంలో ఉన్న పీహెచ్‌సీతో సహా, నమూనా గీసిన నివేదిక అది. మానసిక వైద్యం గురించి వాళ్ళు వేసిన లెక్క భయంకరమైనది. వెయ్యికి ఇద్దరు చొప్పున చూసుకున్నా దేశంలో ఎనిమిది లక్షల మందికి ఆసుపత్రి అవసరం. ఉన్న పడకలు పదివేల పైచిలుకు. ఆసుపత్రుల్ని స్వయంగా చూసొచ్చిన మూర్ టేలర్, అప్పటి రాంచీ యూరోపియన్ ఆసుపత్రి సూపరింటెండెంట్, ఇవి వైద్యం కోసం కాక మనుషుల్ని ఉంచడం కోసం కట్టినవని రాశాడు. రాంచీలో యూరోపియన్లకి ఒక ఆసుపత్రి, భారతీయులకి ఇంకొకటి ఉండేవన్నది కూడా గుర్తుంచుకోవాలి.

అన్ని లక్షల పడకలు కట్టడం ఏ ప్రభుత్వం వల్లా కాదు. అందుకే 1950 తర్వాత ఆసక్తికరమైన పనులన్నీ పేదరికం లోంచి పుట్టాయి. అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాల్ని కూడా తెచ్చి ఆసుపత్రి ఆవరణలో డేరాలు వేయించాడు. సిబ్బంది లేరు కాబట్టి తల్లులూ అన్నలూ వచ్చి పక్కనుండి చూసుకున్నారు. దాని ఫలితం ఎవరూ అనుకోనిది. కళ్ళముందే మనిషి కుదుటపడటం చూసిన కుటుంబం అతన్ని వెనక్కి తీసుకెళ్ళడానికి భయపడలేదు. వెల్లూరు సీఎంసీ కూడా 1957లో మొదలుపెట్టిన మానసిక వైద్య కేంద్రంలో కుటుంబంతో కలిసి ఉండే పద్ధతినే తీసుకుంది. చిత్తూరు జిల్లావాళ్ళకి వెల్లూరు అంటే పెద్దాసుపత్రి. అక్కడికి అన్నం క్యారేజీలతో, చాపలతో వెళ్ళిన కుటుంబాల కథలు ఆ వైపు ఏ ఇంట్లో అడిగినా వినపడతాయి.

డేరాల్లో జరిగింది, నాకర్థమైనంతవరకు, డిఫాల్ట్ మారడం. కుటుంబం పక్కనే ఉంటే మర్చిపోవడం కుదరదు.

రెండో ప్రయత్నం బళ్ళారిలో. ఇది మనకి పరాయి ఊరు కాదు. 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో మనతోపాటే ఉన్న జిల్లా, ఇప్పటికీ వీధుల్లో తెలుగు వినపడే ఊరు, మన నాటకానికి బళ్ళారి రాఘవని ఇచ్చిన ఊరు. మానసిక వైద్య చరిత్రలో ఆ పేరు వేరే కారణంతో పుస్తకాల్లోకి ఎక్కింది. 1975 నుంచీ బెంగళూరు నిమ్హాన్స్ వాళ్ళు సకలవార దగ్గర, చండీగఢ్ పీజీఐ వాళ్ళు రాయ్‌పూర్ రాణీ దగ్గర పల్లెటూళ్ళలో ఒక ప్రశ్న పరీక్షిస్తున్నారు. సైకియాట్రిస్టు లేకుండా, మామూలు పీహెచ్‌సీ డాక్టరూ, ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తా ఈ జబ్బుల్ని గుర్తుపట్టి మందివ్వగలరా? ఇవ్వగలరని తేలింది. ఆ ధైర్యంతోనే 1982 ఆగస్టులో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. దాన్ని ఒక మొత్తం జిల్లాలో నడిపి చూడటానికి 1980ల మధ్యలో ఎంచుకున్నది బళ్ళారి.

బళ్ళారి పద్ధతిలో గొప్ప టెక్నాలజీ ఏమీ లేదు. పీహెచ్‌సీ డాక్టర్లకి కొద్దిరోజుల శిక్షణ. చేతివేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని మందులు, మూర్ఛ మందుతో కలిపి. సులువైన రికార్డు. జిల్లా కేంద్రంలో ఒక సైకియాట్రిస్టు. రోగి ఎక్కడికీ "పంపబడడు". ఉన్న ఊరికి దగ్గర్లోనే, జ్వరానికి వెళ్ళే చోటికే వెళ్తాడు. అదే బల్ల, అదే క్యూ. లోపలికి దారే లేకపోతే బయటికి దారి వెతుక్కోవాల్సిన పనీ లేదు.

1996లో కేంద్రం దీన్నే జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం పేరుతో నాలుగు రాష్ట్రాల్లో నాలుగు జిల్లాల్లో మొదలుపెట్టింది. అందులో ఒకటి మన మెదక్. అక్కణ్ణుంచి దేశంలో చాలా జిల్లాలకి పాకింది. కాగితం మీద ఇది విజయగాథ. నేల మీద ఏమైందంటే, ఒక ఉత్సాహవంతమైన సంస్థ వెనకుండి నడిపించిన పనిని మామూలు శాఖ చేతిలో పెట్టేసరికి కీళ్ళు ఊడటం మొదలయ్యాయి. డబ్బు కేంద్రం మొదటి అయిదేళ్ళు ఇస్తుంది, తర్వాత రాష్ట్రం మొయ్యాలి. ఆ చేతులు మారే చోట చాలా జిల్లాలు తడబడ్డాయి. సైకియాట్రిస్టు పోస్టులు ఖాళీ. శిక్షణ పొందిన డాక్టరు బదిలీ అయితే ఆయనతోపాటు ఆ శిక్షణా బదిలీ.

మన రాజ్యాంగంలో దీని మూలం లాంటిది ఒకటుంది. ఆసుపత్రులూ ప్రజారోగ్యమూ రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. మానసిక వ్యాధి మాత్రం ఉమ్మడి జాబితాలో, పదహారో పద్దుగా ఉంది. అక్కడ వాడిన మాట ఇవాళ్టికీ "లూనసీ"నే. ఆసుపత్రి రాష్ట్రానిది, జబ్బు ఇద్దరిదీ. ఇద్దరి పని అంటే ఏమవుతుందో ఉమ్మడి గోడ ఉన్న ఏ ఇంటివాణ్ణి అడిగినా చెప్తాడు.

దీని అర్థమేంటో నాకు లెక్కల్లో కాదు, మా మామయ్య మందుల డబ్బాలో తెలిసింది. ఆయనకి స్కిజోఫ్రీనియా. మా అత్తయ్య నెలకోసారి బస్సెక్కి ఒక ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి మాత్రలు తెచ్చేది. వారంలో ఒక్కరోజే ఆ ఓపీ. ఒక నెల ఆ మాత్ర లేదన్నారు. రెండో నెల కూడా లేదన్నారు. బయట కొనొచ్చు కదా అనిపిస్తుంది, కొన్నాం కూడా. కానీ పక్కన క్యూలో నిలబడ్డవాళ్ళలో ఎంతమంది కొని ఉంటారు? ఈ జబ్బులో మందు ఆగితే ఒక్క మనిషి మాత్రమే పడిపోడు. కూలి పోతుంది, ఇంట్లో గొడవ మొదలవుతుంది, ఆర్నెల్లకి ఎవరో "పంపించాలి" అంటారు. ఇండెంట్ పంపించాల్సినవాళ్ళు పంపించలేదు, అంతే జరిగింది. పెద్దాసుపత్రి గేటు దాకా తీసుకెళ్ళే దారి అలాంటి చిన్న ఖాళీలతోనే తయారవుతుంది.

ఆ ఖాళీల్లోకి ఇంకా చాలానే వస్తాయి. 2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గా దగ్గర ప్రైవేటుగా నడిచే ఒక షెడ్డులో మంటలు చెలరేగి 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టేసి ఉండటంతో పారిపోలేకపోయారు. అప్పటికి 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం అమల్లోకి వచ్చి ఎనిమిదేళ్ళు. అలాంటి చోట్లకి లైసెన్సు ఉండాలని ఆ చట్టం చెప్తోంది. సుప్రీం కోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. ఏర్వాడికి జనం మూఢనమ్మకంతో వెళ్ళారని అప్పుడు చాలామంది రాశారు. నమ్మకం ఉంది, కాదనను. కానీ దగ్గర్లో డాక్టరుండి, మందుండి, వాళ్ళు దర్గాకీ వెళ్తే అది వేరే కథ. అవి లేనప్పుడు అది ఎంపిక కాదు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరిస్థితీ అప్పటికి గొప్పగా లేదు. మానవ హక్కుల కమిషన్ 1999లో 37 ఆసుపత్రుల మీద ఇచ్చిన నివేదిక ప్రకారం, వాటిలో మూడో వంతుకి పైగా కట్టినప్పటి జైలు రూపంలోనే ఉన్నాయి. 1858 పేరు మార్చుకుని అలాగే నిలబడి ఉందన్నమాట.

ఇన్నిటి తర్వాత 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది. 2018 నుంచి అమలు. గొలుసులు నిషేధం, మత్తు ఇవ్వకుండా షాక్ ట్రీట్‌మెంట్ నిషేధం, నాకు ఎలాంటి వైద్యం కావాలో ముందే రాసిపెట్టుకునే హక్కు, ఇలా చాలా ఉన్నాయి. నాకు మాత్రం అన్నిటికంటే నచ్చినవి పేపర్లు పెద్దగా పట్టించుకోని రెండు సెక్షన్లు. ఒకటి, సొంతంగా నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్న మనిషిని ఆసుపత్రిలో చేర్చుకుంటే ఆ చేరికకి ముప్పై రోజులే ఆయుష్షు. పొడిగించాలంటే ఇద్దరు సైకియాట్రిస్టులు మళ్ళీ చూడాలి, రివ్యూ బోర్డు ఒప్పుకోవాలి. అదీ గడువుతోనే. రెండోది 19వ సెక్షన్. కుటుంబం లేదనో, కుటుంబం వద్దందనో, ఇల్లు లేదనో, బయట ఉండే ఏర్పాటు లేదనో ఎవర్నీ ఆసుపత్రిలో ఉంచేయకూడదు. నూటయాభై ఏళ్ళ తర్వాత డిఫాల్ట్ తిరగబడింది. ఎవరూ ఏమీ చేయకపోతే ఇప్పుడు తలుపు తెరుచుకోవాలి.

రాతలో. సిస్టమ్‌లో టైమవుట్ పెట్టడం ఒక లైను పని. టైమవుట్ అయ్యాక మనిషి ఎక్కడికి వెళ్తాడన్నదే మిగతా ప్రోగ్రామంతా. రివ్యూ బోర్డుల్ని, రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీల్ని వేయడానికే చాలా రాష్ట్రాలు ఏళ్ళు తీసుకున్నాయి. 2019లో వచ్చిన ఒక జాతీయ అధ్యయనం 43 ప్రభుత్వ ఆసుపత్రుల్ని చూస్తే, లోపలున్నవాళ్ళలో మూడో వంతుకి పైగా ఏడాది దాటి ఉన్నవాళ్ళే. చాలామందికి జబ్బు తగ్గింది. వెళ్ళడానికి చోటు లేదు. బయట ఉండే ఇళ్ళు, హాఫ్‌వే హోములు, కట్టమని సుప్రీం కోర్టు రాష్ట్రాల వెంట పడుతూనే ఉంది.

ఇక్కడ మన తరం గురించి ఒక మాట చెప్పాలనిపిస్తుంది. మనం మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడుతున్నాం, సిగ్గుపడకుండా మాట్లాడుతున్నాం. మా ఆఫీసులో కౌన్సెలింగ్ యాప్ ఉంది, థెరపిస్టు గురించి లంచ్‌లో చెప్పుకుంటాం. అది మంచిదే. 2022 అక్టోబరులో ప్రభుత్వం కూడా టెలీమానస్ పెట్టింది. 14416కి ఎవరైనా, చాలా భాషల్లో, ఉచితంగా ఫోన్ చేయొచ్చు. కానీ మన సంభాషణలో యాంగ్జైటీ ఉంది, బర్నవుట్ ఉంది. ఓపీ చీటీ లేదు, ఇండెంట్ లేదు, ఖాళీ పోస్టు లేదు. మనకి ఇది భావాల భాష. మా అత్తయ్యకి ఇది బస్సు టైమింగుల భాష. నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన సర్వేలో తేలినదాని ప్రకారం, జబ్బుని బట్టి నూటికి డెబ్బై నుంచి తొంభై మంది దాకా వైద్యమే అందనివాళ్ళు. "స్టిగ్మా పోవాలి" అని మనం అంటున్నప్పుడు, స్టిగ్మా పోయి ధైర్యంగా క్యూలో నిలబడ్డవాడికి కౌంటరు దగ్గర ఏం దొరుకుతుందని కూడా అడగాలి కదా.

నాకు కనిపించినంతలో పనిచేసినవి డేరా, పీహెచ్‌సీ బల్ల, గడువు తేదీ. మూడూ చవకవే. మూడింట్లోనూ ఉన్నది ఒకటే, మనిషిని ఎవరో ఒకరు మర్చిపోకుండా చూసే ఏర్పాటు. దాన్ని ఒక విద్యాసాగర్ మీదో, బస్సెక్కే ఒక అత్తయ్య మీదో వదిలేయకుండా శాఖ పనిగా మార్చడమే ఇంతవరకూ మనకి చేతకానిది. మన జిల్లాలో రివ్యూ బోర్డు ఉందా, పోయిన ఏడాది ఎన్నిసార్లు కూర్చుంది, జిల్లా ఆసుపత్రిలో ఆ మాత్ర ఎన్ని నెలలు లేదు? ఇవి సమాచార హక్కు కింద పది రూపాయలతో అడగ్గలిగిన ప్రశ్నలు. మచల్ లలుంగ్ పూచీకత్తు కన్నా తొమ్మిది రూపాయలు ఎక్కువ.